ఒక ఇంట్లో రెండు మోటారు సైకిళ్లు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం - ఈ మూడూ పూర్వపు ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పడమటి మెట్ట మీద ఉన్న ఊళ్లు. సముద్రమట్టానికి 700 మీటర్లకు అటూ ఇటూగా ఉంటాయి. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వెంకటగిరికోట మీదుగా కుప్పం పోయే దారి ఎత్తుపల్లాలతో, రాతిగుట్టల పక్కగా, టమాటా తోటల మధ్యగా సాగుతుంది. ఇలాంటి దారుల మీద మోటారు సైకిలు నడపటమంటే కొందరికి ఎంతో ఇష్టం. అలాంటివాళ్లలో ఒక బండితో తృప్తిపడని వాళ్లూ ఉంటారు. పాత బుల్లెట్టు ఒకటి, దాని పక్కన యమహా ఆర్‌ఎక్స్ 100 ఒకటి, రోజువారీ పనులకు చిన్న హీరో హోండా ఒకటి!

"మనిషి ఒక్కడు. ఎక్కేది ఒక్క బండి. రెండోది దేనికి?" అని ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి "సరదా" అనే జవాబు ఒకటి ఉంది. అయితే ఆ సరదా వెనక కొంత భౌతికశాస్త్రం, కొంత రసాయనశాస్త్రం, మన మెదడుకు సంబంధించిన ఒక ముఖ్యమైన సంగతి కూడా ఉన్నాయి. వాటిని వరసగా చూద్దాం.

ఆవు పని ఆవుది, ఎద్దు పని ఎద్దుది

పుంగనూరు పేరు చెప్పగానే చాలామందికి పొట్టి ఆవులు గుర్తుకొస్తాయి. పుంగనూరు ఆవు మేక కంటే మరీ పెద్దదేమీ కాదు. కొద్దిపాటి మేతతో, ఎండల్లో కూడా బతుకుతుంది. పాలు తక్కువే ఇచ్చినా అవి చిక్కనివి. ఈ జాతిని కాపాడేందుకు పలమనేరులోని పశు పరిశోధనా కేంద్రం చాలాకాలంగా పనిచేస్తోంది. ఇక ఒంగోలు ఎద్దును తీసుకోండి. ఎత్తైన మూపురం, పెద్ద ఒళ్లు. బరువైన బండిని లాగటంలో, రేగడి నేలను దున్నటంలో దానిది పెట్టింది పేరు. కానీ దాని మేత ఖర్చు మాటేమిటి?

పుంగనూరు ఆవును నాగలికి కట్టరు. ఒంగోలు ఎద్దును పెరట్లో ఒక మూల కట్టి పిడికెడు గడ్డితో పోషించలేరు. రెంటిలో ఏది గొప్పదంటే చెప్పలేం. దేనికి ఏ పని అన్నదే ప్రశ్న.

యంత్రాలకూ ఇదే న్యాయం. బలం, పొదుపు, తేలిక, మన్నిక, వేగం - ఇవన్నీ ఒకే యంత్రంలో పూర్తిగా ఇమడవు. ఒకటి ఎక్కువ కావాలంటే మరొకటి కొంత వదులుకోవాలి. ఇంజను తయారుచేసేవాడు ఏది ఉంచుకున్నాడు, ఏది వదులుకున్నాడు అని తెలుసుకోవటమే ఆ ఇంజనును అర్థం చేసుకోవటం. రెండు బళ్లు పక్కపక్కన ఉంటే ఈ పాఠం కళ్లకు కట్టినట్లు కనిపిస్తుంది.

మన చుట్టూ మూడు కార్ఖానాలు

ఒకసారి దక్షిణ భారతదేశపు పటం తీసి చూడండి. ఈ మూడు ఊళ్లకు తూర్పున మద్రాసు ఉంది. అక్కడ 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ బుల్లెట్టు మోటారు సైకిళ్ల తయారీ ప్రారంభించింది. పడమటి దిక్కున మైసూరు. అక్కడ 1961లో ఐడియల్ జావా కంపెనీ తయారీ మొదలుపెట్టింది. ఆ బళ్లే తరువాత 'యెజ్డీ' పేరుతో వచ్చాయి. 1996లో ఆ కార్ఖానా మూతపడింది. కుప్పం దగ్గర సరిహద్దు దాటితే తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా. ఆ జిల్లాలోని హోసూరులోనే టీవీఎస్ కార్ఖానా ఉంది. 1980లో టీవీఎస్ 50 మోపెడ్, 1984లో ఇండ్-సుజుకీ మోటారు సైకిలు అక్కడి నుంచే వచ్చాయి.

1985లో ఉత్తరాది నుంచి మరో రెండు బళ్లు వచ్చాయి. ఒకటి హీరో హోండా సీడీ 100. రెండోది యమహా ఆర్‌ఎక్స్ 100. ఈ రెంటి ఇంజన్ల పరిమాణం దాదాపు సమానం. మొదటిది 97 ఘనసెంటీమీటర్లు, రెండోది 98. దీన్నే వాడుకలో 'సీసీ' అంటారు. కానీ మొదటిది ఇచ్చే బలం సుమారు 7 అశ్వసామర్థ్యం (హార్స్‌పవర్), రెండోది ఇచ్చేది 11. పాత్ర ఒకే కొలత. అయినా బలంలో ఇంత తేడా! కారణమేమిటి?

నాలుగు పోట్లు, రెండు పోట్లు

సిలిండరు అనే లోహపు గొట్టంలో పిస్టను పైకీ కిందికీ కదులుతూ ఉంటుంది. పిస్టను ఒక కొస నుంచి రెండో కొసకు పోయే ఒక్కొక్క కదలికను 'స్ట్రోకు' అంటారు. మన భాషలో 'పోటు' అనుకోవచ్చు.

సీడీ 100, బుల్లెట్టు నాలుగు పోట్ల ఇంజన్లు. మొదటి పోటులో పిస్టను దిగుతూ పెట్రోలు ఆవిరి కలిసిన గాలిని లోపలికి పీల్చుకుంటుంది. రెండో పోటులో పైకి వస్తూ దాన్ని అదుముతుంది. అప్పుడు నిప్పురవ్వ పడి మిశ్రమం మండుతుంది. ఆ వేడికి వాయువులు వ్యాకోచించి పిస్టనును కిందికి నెడతాయి. ఇది మూడో పోటు. బలమంతా ఇక్కడే పుడుతుంది. నాలుగో పోటులో పిస్టను మళ్లీ పైకి వచ్చి పొగను బయటికి తోస్తుంది. అంటే ఇరుసు రెండు చుట్లు తిరిగితే ఒక్క పేలుడు.

ఆర్‌ఎక్స్ 100, యెజ్డీ రెండు పోట్ల ఇంజన్లు. వీటిలో పిస్టను పైకి పోతూ తన నెత్తిమీది మిశ్రమాన్ని అదుముతుంది. అదే సమయంలో పిస్టను కింద ఉన్న గదిలోకి కొత్త మిశ్రమం వస్తుంది. పేలుడు జరిగి పిస్టను దిగేటప్పుడు, సిలిండరు గోడలోని కంతలు ఒకదాని తరువాత ఒకటి తెరుచుకుంటాయి. ఒక కంత ద్వారా పొగ బయటికి పోతుంది. ఇంకో కంత ద్వారా కింది గదిలోని కొత్త మిశ్రమం పైకి వస్తుంది. ఇలా ప్రతి చుట్టుకూ ఒక పేలుడు!

అలాగైతే ఆర్‌ఎక్స్ 100 బలం సీడీ 100 బలానికి రెండింతలు ఉండాలి కదా? కానీ ఒకటిన్నర రెట్లే ఉంది. మిగతాది ఎక్కడికి పోయింది? కంతల సంగతి మళ్లీ ఆలోచించండి. కొంతసేపు రెండు కంతలూ ఒకేసారి తెరిచి ఉంటాయి. అప్పుడు కొత్తగా వచ్చిన మిశ్రమంలో కొంత, మండకుండానే పొగతోపాటు జారిపోతుంది. కిటికీ తెరిచి ఇల్లు ఊడిస్తే దుమ్ముతోపాటు బల్లమీది కాగితాలు కూడా ఎగిరిపోయినట్లన్నమాట. పైగా పిస్టను కింది గది మిశ్రమానికి దారి కావటంతో అక్కడ కందెన నూనె నిలవ ఉంచే వీలు లేదు. అందుకే నూనెను పెట్రోలులో కలిపి గాని, చిన్న పంపు ద్వారా గాని ఇంజనులోకి పంపి, పెట్రోలుతోపాటే మండనివ్వాలి. ఆ నీలం పొగ, ఆ వాసన దీనివల్లే.

సీడీ 100 లీటరుకు 80 కిలోమీటర్లు పోతుందని దాన్ని చేసినవాళ్లు ప్రకటించారు. ఆర్‌ఎక్స్ 100 వాడుకలో అందులో సగం వస్తే మేలు. బలం, తేలిక, తక్కువ భాగాలు - ఇవి రెండు పోట్ల ఇంజను ఉంచుకున్నవి. పొదుపు, శుభ్రమైన పొగ - ఇవి వదులుకున్నవి. అందుకే కాలుష్య నిబంధనలు కఠినమయ్యేకొద్దీ అవి తెరమరుగయ్యాయి. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగిపోయింది. టీవీఎస్ మోపెడ్ 2015లో నాలుగు పోట్ల ఇంజనుతో కొత్తగా వచ్చింది. జావా పేరు 2018లో, యెజ్డీ పేరు 2022లో మళ్లీ అంగళ్లలోకి వచ్చాయి. కానీ ఈసారి వాటిలో ఉన్నవి నాలుగు పోట్ల ఇంజన్లే!

చెవితో లెక్కపెట్టండి

వీధిలో ఏ బండి వస్తోందో ఇంట్లో కూర్చునే చెప్పేవాళ్లను మీరు చూసే ఉంటారు. ఇందులో మాయేమీ లేదు.

పాత బుల్లెట్టు నిలబడి ఉన్నప్పుడు దాని ఇంజను నిమిషానికి 900 చుట్లు తిరుగుతోందనుకుందాం. రెండు చుట్లకు ఒక పేలుడు కనుక నిమిషానికి 450 పేలుళ్లు. సెకనుకు ఏడున్నర. మన చెవి సెకనుకు సుమారు 20 లోపు వచ్చే దెబ్బలను విడివిడిగా గుర్తించగలదు. అందుకే బుల్లెట్టు "డుగ్ డుగ్ డుగ్" మంటుంది. అదే రెండు పోట్ల బండి నిమిషానికి 1200 చుట్లతో నిలబడి ఉంటే, ప్రతి చుట్టుకూ ఒక పేలుడు చొప్పున సెకనుకు 20. ఇక చెవి వాటిని విడదీయలేదు. దెబ్బలన్నీ కలిసిపోయి ఒక స్వరంలా వినబడతాయి.

బుల్లెట్టు చుట్లు పెరిగి నిమిషానికి 2400 దాటితే దాని దెబ్బలూ ఇలాగే కలిసిపోవటం మొదలవుతుంది. రెండు బళ్లున్న మనిషి తెలియకుండానే ఈ లెక్క వింటూ ఉంటాడు. ఇంజను చప్పుడును బట్టి గేరు మార్చే నేర్పు అలా వచ్చిందే.

పొడుగు సిలిండరు, పొట్టి సిలిండరు

ఇప్పుడు కొంచెం గణితం. సిలిండరు అంటే మీ పాఠ్యపుస్తకంలోని స్తూపమే. దాని ఘనపరిమాణం కనుక్కోవటం మీకు తెలుసు. బుల్లెట్టు 350 పాత ఇంజను సిలిండరు వ్యాసం 70 మిల్లీమీటర్లు. పిస్టను కదిలే పొడవు 90 మిల్లీమీటర్లు. అంటే వ్యాసార్ధం 3.5 సెంటీమీటర్లు, ఎత్తు 9 సెంటీమీటర్లు.

3.14 × 3.5 × 3.5 × 9 = సుమారు 346 ఘనసెంటీమీటర్లు.

పేరుకు 350 అంటారు గాని, అసలు లెక్క ఇది. ఆర్‌ఎక్స్ 100 సిలిండరు వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టను కదిలే పొడవూ 50 మిల్లీమీటర్లే. లెక్క వేస్తే 98 వస్తుంది.

ఆర్‌ఎక్స్ 100 తన పూర్తి బలం ఇచ్చేది నిమిషానికి 7500 చుట్ల దగ్గర. బుల్లెట్టు సుమారు 18 అశ్వసామర్థ్యం ఇచ్చేది 5600 చుట్ల దగ్గర. ఇప్పుడు చెప్పండి, ఏ పిస్టను ఎక్కువ వేగంగా పరుగెత్తుతోంది? ఆర్‌ఎక్స్ 100దే అంటారేమో. తొందరపడకండి. ఒక చుట్టుకు పిస్టను పైకొకసారి, కిందికొకసారి పోతుంది.

ఆర్‌ఎక్స్ 100: 2 × 0.05 × 7500 ÷ 60 = సెకనుకు 12.5 మీటర్లు.

బుల్లెట్టు: 2 × 0.09 × 5600 ÷ 60 = సెకనుకు 16.8 మీటర్లు.

నిదానంగా తిరుగుతున్నట్లు కనిపించే బుల్లెట్టులోనే పిస్టను ఎక్కువ వేగంగా పోతోంది! పిస్టను ప్రతి కొసలోనూ క్షణం ఆగి వెనక్కి తిరగాలి. దాని జడత్వం ఇందుకు ఒప్పుకోదు. చుట్లు పెరిగేకొద్దీ లోహం మీద లాగుడు పెరుగుతుంది. పొడుగు పోటు ఇంజనును మరీ ఎక్కువ చుట్లు తిప్పకూడదనేది ఇందుకే.

మరి పొడుగు పోటు వల్ల లాభం లేదా? ఉంది. పెద్ద సిలిండరులోని ఒక్కొక్క పేలుడూ గట్టిది. ఇంజను లోపల బరువైన చక్రాలు కూడా ఉంటాయి. కుమ్మరి సారెను ఒకసారి తిప్పి వదిలితే తన బరువు వల్ల చాలాసేపు తిరుగుతుంది కదా. అలాగే ఈ చక్రాలు ఒక పేలుడుకూ మరో పేలుడుకూ మధ్య ఇంజనును నడిపిస్తాయి. టమాటా బుట్టల ట్రాక్టరు వెనక మెల్లగా పోవలసివచ్చినా బుల్లెట్టు గేరు మార్చకుండానే సాగిపోతుంది. ఆర్‌ఎక్స్ 100 అలా కాదు. చుట్లు తగ్గితే నీరసిస్తుంది. గేరు తగ్గించి చుట్లు పెంచితే ఒక్కసారిగా ముందుకు ఉరుకుతుంది. మొదటిది ఓపికగల బండి, రెండోది చురుకైన బండి. రెండూ నడిపినవాళ్లు చెప్పే సంతోషం ఈ తేడాలోనే ఉంది.

హార్స్‌లీ కొండ ఎక్కుదాం

మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండను ఆంధ్రా ఊటీ అంటారు. ఎత్తు సుమారు 1,265 మీటర్లు. మదనపల్లె 700 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే, పైకి చేరటానికి 565 మీటర్లు ఎక్కాలి. ఆర్‌ఎక్స్ 100 బరువు సుమారు 100 కిలోలు, బుల్లెట్టు సుమారు 165 కిలోలు. నడిపేవాడు 70 కిలోలనుకోండి. స్థితిశక్తి సూత్రం మీకు తెలిసిందే: ద్రవ్యరాశిని గురుత్వ త్వరణంతోనూ, ఎత్తుతోనూ గుణించాలి.

ఆర్‌ఎక్స్ 100తో: 170 × 9.8 × 565 = సుమారు 9.4 లక్షల జౌళ్లు.

బుల్లెట్టుతో: 235 × 9.8 × 565 = సుమారు 13 లక్షల జౌళ్లు.

ఒక లీటరు పెట్రోలులో సుమారు 320 లక్షల జౌళ్ల శక్తి ఉంటుంది. ఇంజను అందులో నాలుగో వంతును, అంటే 80 లక్షల జౌళ్లను పనిగా మార్చగలదనుకుందాం. మిగతాదంతా వేడిగా పోతుంది. ఈ లెక్కన ఎత్తు ఎక్కటానికి మాత్రమే మొదటి బండికి 120 మిల్లీలీటర్లు, రెండోదానికి 160 మిల్లీలీటర్లు కావాలి. గాలినీ, రోడ్డు ఘర్షణనూ ఎదుర్కోవటానికి అయ్యేది దీనికి అదనం.

రెండు బళ్ల బరువుల్లో తేడా 65 కిలోలు. అంటే ఒంటరిగా బుల్లెట్టు మీద కొండెక్కేవాడు, వెనక ఇంకొక మనిషిని కూర్చోబెట్టుకుని ఆర్‌ఎక్స్ 100 మీద ఎక్కేవాడితో దాదాపు సమానం! బరువు రోడ్డు మీద నిలకడనిస్తుంది. కానీ ఎత్తు ఎక్కినప్పుడల్లా దానికి సుంకం కట్టాలి.

పైకి పోయేకొద్దీ గాలి కూడా పలచబడుతుంది. కొండ మీద గాలి సాంద్రత సముద్రతీరం కంటే దాదాపు 12 శాతం తక్కువ. ఆమ్లజని తగ్గటంతో ఏ ఇంజను బలమైనా ఆ మేరకు తగ్గుతుంది. పాత బళ్ల కార్బురేటరుకు ఈ సంగతి తెలియదు. అది పెట్రోలును దాదాపు మామూలుగానే పంపుతుంది. మిశ్రమం చిక్కబడి ఇంజను కొంచెం ముక్కుతుంది.

కాళ్లకు పాత అలవాటు పోదు

ఇంతవరకు చెప్పింది ఇంజన్ల సంగతి. ఇక మనిషి సంగతి. రెండు బళ్లున్నవాళ్లు అన్నిటికంటే జాగ్రత్తగా తెలుసుకోవలసింది ఇదే.

పాత బుల్లెట్లలో గేరు కుడికాలి కింద ఉంటుంది, వెనక బ్రేకు ఎడమకాలి కింద. ఆర్‌ఎక్స్ 100లో, సీడీ 100లో దీనికి సరిగ్గా తారుమారు. గేరు ఎడమవైపు, బ్రేకు కుడివైపు. పాత జావా, యెజ్డీ బళ్లది మరో వింత. ఇంజను స్టార్టు చేసే కిక్కు, గేరు మార్చే మీట రెండూ ఒకటే!

నడపటం అలవాటైన పనుల్లో మెదడు ప్రతిసారీ ఆలోచించదు. "ఇది కుడివైపు, ఇది ఎడమవైపు" అని తలచుకోకుండానే కాలు కదులుతుంది. అలవాటు వల్ల లాభం అదే, ప్రమాదమూ అదే. నెల రోజులు ఆర్‌ఎక్స్ 100 నడిపి ఈరోజు బుల్లెట్టు ఎక్కినవాడికి మామూలుగా ఇబ్బందేమీ ఉండదు. కానీ హఠాత్తుగా ఒక మేక రోడ్డుకు అడ్డం వచ్చిందనుకోండి. ఆలోచించే వ్యవధి లేదు. కుడికాలు బలంగా తొక్కుతుంది. అక్కడ ఉన్నది బ్రేకు కాదు, గేరు!

గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 16.7 మీటర్లు. తప్పు తెలుసుకుని రెండో కాలు వాడటానికి అర సెకను పట్టినా, ఆలోపు బండి 8 మీటర్లు పోతుంది. మేకకూ మనకూ మధ్య ఆ 8 మీటర్లు ఉంటాయో ఉండవో!

ఈ ప్రమాదాన్ని గుర్తించే అమెరికాలో 1974లో గేరు ఎడమవైపే ఉండాలని నిబంధన పెట్టారు. అనేక దేశాల్లో క్రమంగా అదే పద్ధతి స్థిరపడింది. ఇప్పటి కొత్త బుల్లెట్లలోనూ గేరు ఎడమవైపే. కానీ పాత బండిని ప్రేమగా ఉంచుకున్న ఇళ్లలో రెండు పద్ధతులూ పక్కపక్కనే నిలబడి ఉంటాయి.

దీనికి ఉపాయం ఉంది. జపాను రైల్వే ఉద్యోగులు ప్రతి సంకేతాన్నీ వేలితో చూపి, దాని పేరు పైకి పలుకుతారు. కన్ను, చెయ్యి, నోరు, చెవి అన్నీ ఒకే పని మీద నిలవటంతో పొరపాట్లు తగ్గుతాయి. బండి మార్చినప్పుడల్లా, ఇంజను స్టార్టు చేయకముందే, కాలితో తాకుతూ "ఇది బ్రేకు, ఇది గేరు" అని పైకి చెప్పుకోవాలి. మొదటి కిలోమీటరు ఖాళీ రోడ్డులో మెల్లగా నడిపి, రెండు మూడుసార్లు బ్రేకు వేసి చూడాలి. ఇంకొక సంగతి. ఈ బళ్లన్నిటిలో ముందు బ్రేకు మాత్రం కుడిచేతికే ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు బరువు ముందు చక్రం మీదికి ఒరుగుతుంది కనుక, బండిని ఆపటంలో ఎక్కువ పనిచేసేది ఆ బ్రేకే. దాన్ని వెనక బ్రేకుతో కలిపి, ఒక్కసారిగా బిగించకుండా వాడటం నేర్చుకున్నవాడికి బండి మారినా సగం భయం తీరినట్లే.

తిరగని బండికి తుప్పు

రెండు బళ్లుంటే ఒకటి నడుస్తుంది, ఒకటి నిలబడుతుంది. నిలబడ్డ బండి క్షేమంగా ఉందనుకోవటం పొరపాటు. కార్బురేటరులో మిగిలిన పెట్రోలులోని తేలిక భాగాలు ఆవిరైపోయి, జిగురు మిగులుతుంది. సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి. ఇప్పుడు మన పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు కలుపుతున్నారు. దానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. ఆ నీరు ట్యాంకు అడుగున చేరితే తుప్పు ఖాయం. బ్యాటరీ వాడకపోయినా తనంతట తానే బలం కోల్పోతుంది. దాని సీసపు పలకల మీద సీసపు సల్ఫేటు గట్టిపడుతుంది. టైర్లు ఒకేచోట బరువు మోసి ఆ భాగంలో చదునవుతాయి.

"అందుకే వారానికోసారి రెండు నిమిషాలు స్టార్టు చేసి ఆపేస్తాం" అంటారు కొందరు. ఇది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. ఎందుకో చూడండి. పెట్రోలులో ఉన్నవి కర్బనం, ఉదజని. మండినప్పుడు ఉదజని ఆమ్లజనితో కలిసి నీరవుతుంది. లెక్క వేస్తే, ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు ఒక లీటరు నీరు పుడుతుంది! ఇంజను బాగా వేడెక్కితే అదంతా ఆవిరిగా బయటికి పోతుంది. రెండు నిమిషాల్లో సైలెన్సరు వేడెక్కదు. నీరు లోపలే నిలిచి లోహాన్ని తినేస్తుంది.

కాబట్టి రెండో బండిని స్టార్టు చేస్తే పూర్తిగా వేడెక్కేదాకా నడపాలి. మదనపల్లె నుంచి పుంగనూరు సుమారు 30 కిలోమీటర్లు. పదిహేను రోజులకొకసారి అంతదూరం పోయి వస్తే ఇంజనుకూ మంచిది, మనసుకూ మంచిది. అలా తిప్పే తీరిక లేనివాళ్లకు రెండో బండి సంతోషం కాదు, బరువు.

మరి ఖర్చు, పొగ?

రెండు బళ్లున్నంత మాత్రాన పెట్రోలు రెండింతలు కాదు. ఒక మనిషి ఒకేసారి రెండు ఎక్కలేడు. ఏ బండి ఏ పనికి వాడుతున్నారన్నదే ముఖ్యం. నెలకు 600 కిలోమీటర్లు తిరిగే మనిషి, లీటరుకు 60 కిలోమీటర్లిచ్చే చిన్న బండి వాడితే 10 లీటర్లు చాలు. అదే 30 ఇచ్చే బండి వాడితే 20 లీటర్లు. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. అంటే నెలకు 23 కిలోల తేడా. అంగడికీ ఆఫీసుకూ చిన్న బండి, పండుగనాడు పెద్ద బండి - ఇది తెలివైన పద్ధతి. ఊళ్లో తిరుగుడుకు విద్యుత్ స్కూటరు ఉంటే ఇంకా మేలు. అది ఆగి ఉన్న చోటి నుంచే పూర్తి లాగుడు ఇస్తుంది. వేడెక్కే దాకా ఆగనక్కరలేదు.

అయితే బండి కదలకపోయినా కొన్ని ఖర్చులు ఆగవు. రోడ్డెక్కే ప్రతి బండికీ విడిగా బీమా ఉండాలి. పదిహేనేళ్లు దాటితే రిజిస్ట్రేషను మళ్లీ చేయించాలి. బండి చేయటానికి పట్టిన ఇనుము, సీసం కూడా ఎక్కడో భూమి నుంచి తవ్వినవే.

మీ విషయానికి వస్తే, గేరు బండి నడిపే లైసెన్సు 18 ఏళ్లు నిండితేనే ఇస్తారు. 2019లో సవరించిన చట్టం ప్రకారం, మైనరు బండి నడిపి నేరం చేస్తే బండి యజమానికో, తల్లిదండ్రులకో జైలుశిక్ష కూడా పడవచ్చు. కానీ బండిని అర్థం చేసుకోవటానికి వయసు అడ్డంకి కాదు.

మీరే చేసి చూడండి

1. మీ వీధిలోని రెండు మోటారు సైకిళ్ల యజమానులను అడిగి సిలిండరు వ్యాసం, పిస్టను కదిలే పొడవు తెలుసుకోండి. ఘనపరిమాణం లెక్క వేసి, బండి మీద రాసిన అంకెతో పోల్చండి.

2. పెద్దవాళ్లు ఉదయంపూట చల్లని ఇంజను స్టార్టు చేసినప్పుడు, దూరం నుంచే సైలెన్సరు కొసను గమనించండి. నీటి చుక్కలు కనబడతాయా? ఇంజను వేడెక్కిన తరువాత అవి ఏమవుతాయి?

3. యెజ్డీ 250 రెండు పోట్ల ఇంజను. దాని సిలిండరు వ్యాసం 65 మిల్లీమీటర్లు, పిస్టను కదిలే పొడవు 75 మిల్లీమీటర్లు. దాని ఘనపరిమాణమెంత? నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకు ఎన్ని పేలుళ్లు? పిస్టను సగటు వేగమెంత?

జవాబులు: సుమారు 249 ఘనసెంటీమీటర్లు, సెకనుకు 50, సెకనుకు 7.5 మీటర్లు.